25 వాట్ల ఐరన్ చాలదా? గ్రౌండ్ పిన్‌కి లెడ్ అంటుకోవడం లేదు

టమాట_టైమర్
కొత్త సోల్డరింగ్ ఐరన్ కొనాలి. ఏది తీసుకోవాలో తేలక పది రోజులుగా తల బద్దలు కొట్టుకుంటున్నా.

మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. వారమంతా అనంతపురంలో రూములో ఉంటాను, శని ఆదివారాలు ఊరికి పోతాను. నాయన టమాట తోటకి డ్రిప్ టైమర్ చేస్తున్నా. ఒక ఈఎస్‌పీ32 (చిన్న కంట్రోలర్ బోర్డు), రెండు రిలేలు (కరెంటుతో పనిచేసే స్విచ్చులు), 12 వోల్టుల అడాప్టర్, అంతే. బోర్డు నేనే డిజైన్ చేసి ప్రింట్ చేయించాను. అన్ని పిన్నులకీ లెడ్ (టాకా వేసే తగరం-సీసం తీగ) చక్కగా పారుతుంది. గ్రౌండ్ పిన్నుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం ముద్దలా కూర్చుంటుంది, గోటితో గీకితే ఊడి వస్తుంది. సరే అని ఐరన్ ఎక్కువ సేపు పెడితే ప్యాడ్ (పిన్ను చుట్టూ ఉండే రాగి బిళ్ల) లేచిపోయింది. ఐదు బోర్డుల్లో ఒకటి అట్లా పోయింది.

ఉన్నది 25 వాట్ల సోల్డ్రాన్ కంపెనీ ఐరన్, సన్న మొన బిట్ (ఐరన్ కొనకి ఉండే ముక్క). అంగడాయన 60 వాట్లు తీసుకో అన్నాడు, ఫ్రెండ్ 100 అన్నాడు. బడ్జెట్ రెండు వేలు. ఎన్ని వాట్లు కొనాలి?

సున్నా_ఓం
100 వాట్లా? బోర్డుకా, బిందెకా?

పాతబస్తీ_రేడియో
కర్నూలు పాతబస్తీలో 1984 నుంచి ఇదే పని చేస్తున్నా. ట్రాన్సిస్టర్ రేడియో, టేప్ రికార్డర్, బ్లాక్ అండ్ వైట్ టీవీ, కలర్ టీవీ, ఇప్పుడు ఇన్వర్టర్ బోర్డులు. అన్నీ 25 వాట్ల ఐరన్‌తోనే. ఇంకో 65 వాట్లది ఉంది, దాన్ని చాసిస్‌కి ఎర్త్ వైరు వేసేటప్పుడు, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్ కాళ్లకీ తీస్తా. నెలకి రెండు సార్లు కూడా దాని ముఖం చూడను.

తప్పు ఐరన్‌ది కాదు బాబూ, చేతిది. ముందు బిట్‌ని ఆకురాయితో శుభ్రంగా రాయి. ఎర్రటి రాగి కనపడాలి. వేడెక్కగానే లెడ్ పూయి. అప్పుడు చూడు.

టీ12_భక్తుడు
పెద్దాయన మీద గౌరవం ఉంది కానీ ఒప్పుకోను. అప్పటి టీవీ బోర్డుకి ఒక వైపే రాగి, ఇప్పుడు రెండు వైపులా రాగి పరిచి దాన్నంతా గ్రౌండ్‌కి కలుపుతున్నారు. ఐరన్ పెట్టగానే ఆ రాగి రేకంతా వేడిని లాగేస్తుంది.

తమ్ముడూ, వాట్లు అంటే ఎంత వేడి అని కాదు, పోయిన వేడి ఎంత తొందరగా తిరిగి వస్తుంది అని. మామూలు ఐరన్‌కి అదుపు లేదు. స్టాండులో ఊరికే ఉంటే అవసరానికి మించి ఎక్కుతుంది, బిట్ నల్లబడుతుంది. గ్రౌండ్ పిన్ మీద పెట్టగానే చల్లబడి కూర్చుంటుంది. 100 వాట్ల మామూలు ఐరన్ కొంటే స్టాండులో ఉన్నప్పుడు ఇంకా కాలిపోతుంది, అంతే తేడా. కావాల్సింది టెంపరేచర్ కంట్రోల్. టీ12 అనే రకం బిట్‌లో హీటరూ సెన్సారూ ఒకే కడ్డీలో ఉంటాయి. 350 డిగ్రీలు పెట్టావంటే 350 దగ్గరే ఉంటుంది, వేడి పోగానే తనే కరెంటు గుంజుకుంటుంది. ప్రొద్దుటూరులో మా షాపులో మూడేళ్లుగా అదే.

ల్యాబ్_అటెండర్
ఇద్దరూ ఐరన్ గురించే మాట్లాడుతున్నారు. బిట్ గురించి ఎవరూ అడగరేం?

అనంతపురంలో ఒక కాలేజీ ల్యాబ్‌లో పని నాది. ముప్పై ఐరన్లు నా చేతి కింద ఉన్నాయి. ఏటా కొత్త బ్యాచ్ పిల్లలు రాగానే సన్న మొన బిట్ల కోసం కొట్టుకుంటారు. చిన్న పిన్నుకి సన్న బిట్ అని లెక్క. సూది మొన పిన్నుకి తగిలేది ఆవగింజంత చోట, ఇక వేడి ఎక్కడి నుంచి దిగుతుంది? దోసె తిప్పాలంటే అట్లకాడ కావాలి. దబ్బనంతో తిప్పితే తిరుగుతుందా?

రెండు మిల్లీమీటర్లో రెండున్నరో వెడల్పు ఉన్న ఉలి ఆకారం బిట్ తీసుకో. దాని చదును వైపు ఒకేసారి పిన్నుకీ ప్యాడ్‌కీ తగిలేలా పట్టుకో. ముందు బిట్ మీద చిటికెడు లెడ్ కరిగించు, ఆ తడి వల్లే వేడి పారుతుంది. తర్వాత అవతలి వైపు నుంచి లెడ్ తీగ ఇవ్వు. నీ 25 వాట్లకి బిట్ ఒక్కటే మార్చి చూడు, పైసా ఖర్చు కాదన్నట్టే.

కడప_ఎండ
దోసె అన్నారు, ఇక్కడ కారం దోసె గుర్తొచ్చి చదవడం ఆగిపోయింది.

కళాయి_మనవరాలు
పాతబస్తీ అన్నా, ఆకురాయి మాట దగ్గర ఆగండి. అందరి బిట్లూ రాగివి కావు. ఈ రోజుల్లో ఎక్కువ బిట్లకి రాగి మీద ఇనుప పూత ఉంటుంది. ఆకురాయి పెడితే పూత పోతుంది, లోపలి రాగిని లెడ్‌లోని తగరం కరిగించుకుని తినేస్తుంది. వారం తిరక్కుండా గుంత పడుతుంది. నేను అట్లా మూడు పోగొట్టుకున్నాను కాబట్టి చెప్తున్నా.

తెలుసుకోవడం సులువు, అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుప పూత ఉన్నట్టు. దాన్ని ఇత్తడి పీచులో గుచ్చి తుడవాలి, అంతే.

మా తాత కడపలో వీధి వీధి తిరిగి రాగి గిన్నెలకి కళాయి పూసేవాడు. గిన్నెని బొగ్గుల మీద ఎర్రగా కాల్చి, నవాసారం పొడి చల్లితే తెల్లటి పొగ లేచేది. వెంటనే తగరం ముక్క రాసి, దూది ఉండతో గిర్రున తిప్పేవాడు. ఒక్క క్షణంలో గిన్నె లోపలంతా అద్దం. పొగ రాకముందే తగరం రాస్తే అంటదమ్మా, ముత్యాల్లా దొర్లిపోతుంది అనేవాడు. టైమర్ తమ్ముడి గ్రౌండ్ పిన్ మీద జరుగుతున్నది అదే. అక్కడ నవాసారం చేసే పని ఇక్కడ లెడ్ తీగలోని ఫ్లక్స్ చేస్తుంది. పాత లెడ్‌నే మళ్లీ మళ్లీ కరిగిస్తే ఫ్లక్స్ ఆవిరైపోయి ఉత్త ముద్ద మిగులుతుంది.

పాతబస్తీ_రేడియో
అమ్మాయి చెప్పింది నిజమే. నా దగ్గరున్నవి పాత రాగి బిట్లు, డబ్బా నిండా ఉన్నాయి, అవి రాయాల్సిందే. ఇప్పుడే అయస్కాంతం పెట్టి చూశా. మొన్న మా వాడు తెచ్చినది అంటుకుంది. దాన్ని కూడా రాసి పెట్టాను. సరే.

సున్నా_ఓం
ఆ బిట్‌కి నా ప్రగాఢ సానుభూతి.

ఎర్త్_గుంత
టైమర్ తమ్ముడూ, ఒక్క మాట అడుగుతా. ఈ పని అనంతపురం రూములో చేస్తున్నావా, ఊర్లోనా? పొద్దున్నా, రాత్రా? అప్పుడు మీ ఇంట్లో ఫ్యాన్ ఎట్లా తిరుగుతూ ఉంటుంది?

టమాట_టైమర్
ఊర్లోనే అన్నా, శనివారం రాత్రి భోజనాలయ్యాక. ఫ్యాన్ అంటారా, రెక్కలు లెక్కపెట్టొచ్చు. ట్యూబ్‌లైటు కొట్టుకుంటుంది. దానికీ ఐరన్‌కీ ఏం సంబంధం?

ఎర్త్_గుంత
ఉంది. ఈ శనివారం ఐరన్ పెట్టే ప్లగ్గులోనే మల్టీమీటరు పెట్టి ఎన్ని వోల్టులు వస్తున్నాయో రాయి. ఏసీ 750 రేంజిలో పెట్టి చూడు, వేళ్లు జాగ్రత్త. అంతవరకు ఏమీ కొనొద్దు.

గుంతకల్లు_జంక్షన్
కొనే విషయంలో నా గోడు కూడా వినండి. పోయినేడాది ఆన్‌లైన్‌లో "60 వాట్లు, అడ్జస్టబుల్" అని ఒకటి తెప్పించాను. పేరు చెప్పను, డబ్బా మీద కూడా పేరు లేదు. మూడు పిన్నుల ప్లగ్గు చూసి ఎర్త్ ఉంది కదా అని సంబరపడ్డాను. ఒకరోజు టెస్టర్ బిట్‌కి తగిలిస్తే మినుకుమినుకుమని వెలిగింది. పిడి విప్పితే ఎర్త్‌కి పోవాల్సిన పచ్చ వైరు లోపల కత్తిరించేసి ఉంది. ఎక్కడికీ కలపలేదు. ఆ ఐరన్‌తో రెండు మాస్ఫెట్లు (ఒక రకం ట్రాన్సిస్టర్లు) ఎందుకు పోయాయో అప్పుడు అర్థమైంది.

ఇంకో సంగతి. అది నైక్రోమ్ తీగ హీటర్ కాబట్టి రెసిస్టెన్స్ కొలిచా. 230 వోల్టుల మీద 60 వాట్లంటే సుమారు 880 ఓములు ఉండాలి. నాకు వచ్చింది 1,760. అంటే 30 వాట్లు. సగానికి సగం!

ల్యాబ్_అటెండర్
జంక్షన్ గారి లెక్క నైక్రోమ్‌కే. తెల్ల సిరామిక్ హీటర్లు చల్లగా ఉన్నప్పుడు తక్కువ ఓములు చూపిస్తాయి, వేడెక్కేకొద్దీ పెరుగుతాయి. వాటిని ఇట్లా కొలిచి గొడవపడకండి. ఎర్త్ మాత్రం అందరూ చూసుకోవాల్సిందే. ఐరన్ ప్లగ్గు నుంచి తీసేసి, ప్లగ్గు పెద్ద పిన్నుకీ బిట్‌కీ మధ్య మీటర్ పెడితే ఒకటి రెండు ఓములకు మించకూడదు.

ఎర్త్_గుంత
ప్లగ్గులో ఎర్త్ ఉంటే చాలదు సార్, గోడలోనూ ఉండాలి. మన సీమలో నేల సంగతి తెలిసిందే. ఉప్పు, బొగ్గు వేసి గుంత పూడ్చి పదేళ్లు తిరిగి చూడరు. ఎండాకాలం ఆ మట్టి ఇటుకలా ఎండిపోతుంది, ఎర్త్ ఉన్నా లేనట్టే. ఏప్రిల్ వచ్చిందంటే వారానికి రెండు బిందెల నీళ్లు పోయండి. తాగడానికే లేవు, గుంతకెక్కడివి అంటారు మా ఊర్లో. బట్టలుతికిన నీళ్లయినా పోయండి.

కడప_ఎండ
నాదో ధర్మసందేహం. ఫ్యాన్ గాలికి టాకా చల్లబడిపోతుందని ఫ్యాన్ ఆపి చేయమంటారు. మే నెలలో కడపలో ఫ్యాన్ ఆపితే ముందు కరిగేది లెడ్డా, నేనా?

కళాయి_మనవరాలు
ఫ్యాన్ ఆపక్కర్లేదు, నేరుగా తగలకుండా అట్టముక్క నిలబెట్టు. చిన్న టేబుల్ ఫ్యాన్ ఉంటే పొగని నీ వైపు నుంచి బయటికి లాగేలా వెనక్కి తిప్పి పెట్టుకో. ఆ పొగ సీసం లోహంది కాదు, ఫ్లక్స్‌లోని రోజిన్ అనే చెట్టు బంకది. సోల్డరింగ్ వేడికి సీసం ఆవిరి కాదు. కానీ రోజిన్ పొగ ఆస్తమాని రేపుతుంది, నాకు అనుభవమే. సీసం లోపలికి పోయేది చేతుల నుంచి. పని మధ్యలో లేచి ఉగ్గాని తినేవాళ్లు ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. మూడో చెయ్యి లేదని లెడ్ తీగ పళ్లతో పట్టుకునే పెద్దమనుషులకి ఏం చెప్పను.

పాతబస్తీ_రేడియో
నన్నే అంటున్నట్టుంది.

టమాట_టైమర్
శనివారం రాత్రి ఏడున్నరకి కొలిచాను. 178 వోల్టులు. అనంతపురం రూములో 231 వచ్చింది.

ఎర్త్_గుంత
అనుకున్నా. ఇప్పుడు లెక్క చూడు. హీటర్ వాట్లు వోల్టుల వర్గాన్ని బట్టి మారతాయి. 178ని 230తో భాగిస్తే 0.77, దాని వర్గం 0.6. అంటే నీ 25 వాట్ల ఐరన్ ఊర్లో 15 వాట్లే. వోల్టులు పావు వంతు కూడా తగ్గలేదు, వేడి మాత్రం ఐదింట రెండు పాళ్లు పోయింది. మామూలు పిన్నుకి ఆ 15 వాట్లు సరిపోతున్నాయి, గ్రౌండ్ పిన్నుకి చాలడం లేదు. 60 వాట్లది కొంటే ఊర్లో 36 అవుతుంది, రూములో 60 అయ్యి బిట్ కాల్చుకుంటావు.

సున్నా_ఓం
అంగడాయన, ఫ్రెండ్, పెద్దాయన, నేను: నలుగురం తప్పు.

టీ12_భక్తుడు
నేను తప్పు కాదు! నా మాటే నిలబడింది. టీ12 సెట్లకి 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (చార్జర్ లాంటి పవర్ సప్లై) ఉంటుంది. దాని మీద 100 నుంచి 240 అని రాసి ఉన్నది చూసి కొంటే బయట 178 వచ్చినా 150 వచ్చినా లోపల 24 ఇస్తూనే ఉంటుంది. పాతరకం ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్టేషన్లకి ఆ సుఖం లేదు, కరెంటు తగ్గితే వాటి బలమూ తగ్గుతుంది. కాకపోతే కంట్రోల్ ఉంది కాబట్టి కొంత లాక్కొస్తాయి.

వజ్రకరూర్_వైఫై
తమ్ముడి దగ్గర టైప్-సి లాప్‌టాప్ చార్జర్ ఉంటే పైన్‌సిల్ లాంటి పెన్ను ఐరన్ చూడొచ్చు. 65 వాట్ల పీడీ (టైప్-సి మీద ఎక్కువ వోల్టులు ఇచ్చే పద్ధతి) చార్జర్ 20 వోల్టులు ఇస్తుంది. ఆ చార్జర్లు కూడా 100 నుంచి 240 వరకు పనిచేస్తాయి. జేబులో పడుతుంది, ఊరికీ రూముకీ ఒకటే.

నేను చేలల్లో స్టార్టర్ పెట్టెల దగ్గర అదే వాడతా, బండి బ్యాటరీ మీద. కానీ ఒక తిరకాసు ఉంది. దాని బిట్ దాదాపు 8 ఓములు. 20 వోల్టులకి 50 వాట్లు వస్తాయి, 12 వోల్టుల బ్యాటరీకి 18 వాట్లే. ఎర్త్_గుంత అన్న చెప్పిన వర్గం లెక్క ఇక్కడా వదలదు. బ్యాటరీ మీద లావు వైరు అతకాలని కూర్చుంటే నా పరిస్థితీ తమ్ముడి పరిస్థితే.

పాతబస్తీ_రేడియో
ఇన్ని కొనమంటున్నారు. బాబూ, మీ ఇంట్లో పాత టీవీ స్టెబిలైజర్ ఉందా? నల్ల డబ్బా, ముల్లు మీటరు, టక్ టక్ మని కొట్టుకునేది. దానికి ఐరన్ తగిలించు. 25 వాట్లు దానికి లెక్కే కాదు. కొత్తది తర్వాత కొనుక్కో.

ఎర్త్_గుంత
పెద్దాయన కొట్టాడు దెబ్బ. ఇది నాకెందుకు తట్టలేదో.

ల్యాబ్_అటెండర్
ఇంకొకటి అడగడం మరిచాను. బోర్డు డిజైన్ చేసేటప్పుడు గ్రౌండ్ ప్యాడ్ చుట్టూ నాలుగు సన్న కాళ్లు వదులుతుంది సాఫ్ట్‌వేర్, వేడి రాగి రేకంతా పారకుండా. అవి ఉంచావా?

టమాట_టైమర్
అంటే... చూడ్డానికి బాగా లేవని తీసేసి నిండుగా రాగి పోశాను.

ల్యాబ్_అటెండర్
హరి హరీ.

కడప_ఎండ
బోర్డుల్ని మధ్యాహ్నం మిద్దె మీద పెట్టి, కాలగానే దించి సోల్డర్ చెయ్యి. సగం పని సూర్యుడే చేస్తాడు.

టీ12_భక్తుడు
నవ్వులాటకి అన్నాడు కానీ అబద్ధం కాదు. బోర్డు ముందే వేడిగా ఉంటే ఐరన్‌కి అంత భారం తగ్గుతుంది. షాపులో పెద్ద బోర్డులకి మేం హాట్ ఎయిర్ కింద నుంచి కొట్టి చేసేది అదే.

గుంతకల్లు_జంక్షన్
లెడ్ తీగ కూడా చూసుకో. 60/40 అడిగితే నాకు ఒకసారి 40/60 అంటగట్టారు. మొదటి అంకె తగరం. 60/40 అయితే 190 డిగ్రీల లోపే పూర్తిగా కరుగుతుంది, తగరం 40 అయితే 238 దాకా పోవాలి. చీటీ మీద అంకెలు తిరగేసి ఉన్నాయని ఇంటికొచ్చాక గమనించాను. డబ్బాలో వచ్చే యాసిడ్ పేస్ట్ మాత్రం బోర్డు మీద పెట్టకు. రేకు పనికీ రేడియేటర్ పనికీ అది. నేను పెట్టిన బోర్డు ఆరు నెలలకి పచ్చగా చిలుం పట్టింది.

టమాట_టైమర్
ఆదివారం రాత్రి రిపోర్ట్.

అటక మీద స్టెబిలైజర్ దొరికింది. దుమ్ము దులిపి పెడితే టక్ టక్ మని రెండు సార్లు కొట్టుకుని 221 చూపించింది. బిట్ ఉలి ఆకారానిది వేశా (అయస్కాంతం అంటుకుంది అక్కా, ఆకురాయి ముట్టలేదు). ఎండ దిగేదాకా మిద్దె మీద పెట్టిన బోర్డు తీసుకొచ్చి, పాత ముద్దలు సక్కర్‌తో లాగేసి, కొత్త లెడ్ పెట్టాను. మూడు సెకన్లు పట్టిందేమో. అంతసేపూ ముద్దగా ఉన్నది ఒక్కసారిగా పిన్ను చుట్టూ పారి, కిందికి జారి మెరిసింది. మా అమ్మని పిలిచి చూపించా. ఏం చూడాలో ఆమెకి అర్థం కాలేదు. నాయన మాత్రం, తోటలో నీళ్లు ఎప్పుడొస్తాయిరా దీనితో, అన్నాడు.

లాప్‌టాప్ చార్జర్ చూశా, 65 వాట్ల టైప్-సి, 100 నుంచి 240 అనే ఉంది. జీతం రాగానే పెన్ను ఐరన్ చూస్తా. ఆ 60 వాట్లది, 100 వాట్లది మర్చిపోయాను. ఫొటో పెడుతున్నా.

టీ12_భక్తుడు
బాగుంది. ఇంకా టీ12 వైపు రాలేదని చిన్న బాధ.

పాతబస్తీ_రేడియో
ఫొటో పెద్దది చేసి చూశా. రిలే పక్కన ఎడమ నుంచి మూడో పిన్ను, ఒక వైపే అంటుకుంది. మళ్లీ వేడి చెయ్యి.

టమాట_టైమర్
స్టెబిలైజర్ మళ్లీ అటకెక్కించేశా పెద్దాయనా. దించుతున్నా ఉండండి.